మొక్కు ఎప్పుడో తీరింది

నీలావతి కాఫీ కలుపుతుంది గానీ తాగదు. మొగుడు చెన్నకేశవులుకు గ్లాసు నిండా పోసి, మగ్గం గుంతలో కాళ్లు దించి కూచుని నేస్తున్న అతని చేతికి వంగి అందిస్తుంది. ఆ వాసన ముక్కుకు తగిలినప్పుడల్లా మొహం పక్కకు తిప్పుకుంటుంది. కాఫీ ఆమెకు పెళ్లికి ముందు నుంచి ఉన్న అలవాటు. పొద్దున కాఫీ లేకపోతే తల పగిలిపోయేది. పోయిన దసరాకు మానేసింది. జర్మనీలో ఉన్న కూతురు మాధవీలత రౌండు అయ్యేదాకా కాఫీ ముట్టనని కదిరి నరసింహస్వామికి మొక్కుకుంది. రౌండు అంటే ఏమిటో ఆమెకు సరిగా తెలీదు. పెద్ద పెద్దవాళ్ల ముందు నిలబడి, మా కంపెనీలో పెట్టుబడి పెట్టండని అడగడం అని మాధవి చెప్పింది. ఏ ఆస్పత్రిలో మంచం ఖాళీగా ఉందో చెప్పే యాప్ అట అది. దాని కోసం మాధవి, అల్లుడు కిరణ్ ఇద్దరూ ఉద్యోగాలు వదిలేశారు.

దసరాకు వచ్చి నాలుగేళ్ల హంసికను దింపిపోతూ మాధవి ఏడ్చింది. "రౌండ్ క్లోజ్ అయ్యేదాకానే మా. కాకపోతే వీసా పోతాది, అద్దె కట్టలేం, రోడ్డు మీద పడతాం." నీలావతికి అంతకన్నా చెప్పక్కర్లేదు. చెడ్డది ఏదైనా ఇట్టే నమ్మేస్తుంది ఆమె. గ్యాసు కట్టేసినా మళ్లీ వెళ్లి చూస్తుంది. పాప ఎక్కడ మగ్గం గుంతలో పడుతుందోనని ఆ గది వాకిలికి అడ్డంగా పాత చీర కట్టింది. రాత్రి ఫోన్ మోగితే వినపడదేమోనని గుండె మీద పెట్టుకుని పడుకుంటుంది. బెర్లిన్‌లో మంచు పడిందని టీవీలో చెప్తే ధర్మవరంలో ఈమెకు అన్నం దిగదు. ఇంట్లో అందరికీ ఆమె భయం ఒక తమాషా. చుట్టాలు వచ్చినప్పుడు చెన్నకేశవులు ఆ కథలు చెప్పి నవ్విస్తాడు.

ఆ శుక్రవారం హంసికకు నెయ్యన్నం పెట్టి నీలావతి చేతులు కడుక్కుంటూ ఉంటే, ఇదివరకు ఆమెతో జంటగా పని చేసిన దాసమ్మ వచ్చింది. నీలావతి సబ్బుతో ఒకసారి, శనగపిండితో ఒకసారి కడుగుతోంది. అయినా బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య జిడ్డు పోయినట్టు అనిపించలేదు.

"చాల్లేమే, తోలు ఊడొస్తాది" అంది దాసమ్మ గడపలో కూలబడి. "వేళ్లు చూడు ఎట్ల మెత్తబడినాయో. పెండ్లికూతురి చేతుల మాదిరి ఉండాయి."

ఆ వేళ్లతోనే నీలావతి ఇన్నేళ్లు పని చేసింది. మగ్గం మీద ఒక పడుగు, అంటే నిలువుపోగుల వరస, అయిపోయినాక, మిగిలిన కొసలకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటే అతకాలి. ఆ పని ఆడవాళ్లది. ఇద్దరు పక్కపక్కన కూచుని, వేళ్లకు బూడిద రాసుకుని, పోగును పోగుకు చేర్చి మెలి పెట్టుకుంటూ పోతారు. వేలికి రవ్వంత నెయ్యి అంటినా పట్టుపోగు జారిపోతుంది. ఒక పోగు తప్పితే చీరంతా తప్పినట్టే. ఒకరి మెలి ఇంకొకరి మెలితో కలవడానికి ఏళ్లు పడుతుంది. నీలావతికీ దాసమ్మకూ కలిసింది. సొంత మగ్గం మీద అతికితే చెన్నకేశవులు కూలి ఇచ్చేవాడు కాదు. "నీ చెయ్యి నా చెయ్యి వేరేనా మే?" అనేవాడు. చీర అమ్మినప్పుడు మాత్రం ఆ సొమ్ము అతని చేతిలోనే పడేది. బయటి మగ్గాల మీద అతికిన కూలి మాత్రం నీలావతిది. కళ్లు మసకలు వచ్చినప్పుడు ఆ కూలితోనే ఎవరినీ అడక్కుండా అద్దాలు చేయించుకుంది. ఆమె బతుకులో ఎవరినీ అడక్కుండా కొన్న వస్తువు అదొక్కటే. హంసిక వచ్చినప్పటి నుంచి ఆ అద్దాలు డబ్బాలోనే ఉన్నాయి.

"ఊరి బయట ఒకాయన కొత్త షెడ్డు ఏసినాడు. మగ్గాలు చానా ఉండాయి. పని నిలవకుండా ఉంటాది. జంటగా వస్తేనే రమ్మన్నాడు" అంది దాసమ్మ. "సోమారం పొద్దున నువ్వు రావల్ల. రాకుంటే నాగేంద్రమ్మను కూచోబెట్టుకుంటా. తర్వాత నన్ను అనొద్దు."

"మాధవి రౌండు కానీ దాసమ్మా."

"ఏం రౌండో తల్లీ. పడుగు పోసే ఆసు కూడా ఇన్ని రౌండ్లు తిరగదు."

నీలావతి నవ్వలేకపోయింది. ఆమె మనసు ఇక్కడ లేదు. మంగళవారం నుంచి మాధవి ఫోన్ లేదు. చేస్తే మోగడం లేదు. కిరణ్‌దీ అంతే. ఇన్నాళ్లలో ఇట్లా ఎప్పుడూ జరగలేదు. కారు జారి ఉంటుంది. లేదా గది మూసుకుని పడుకుంటే హీటర్ గ్యాసు లీకై ఉంటుంది. ఆ దేశం పోలీసు ఫోన్ చేసి ఆ దేశం మాటల్లో ఏదో చెబుతాడు. తనకు అర్థం కాదు. అర్థం కాకుండానే బిడ్డ పోయిన కబురు విని, ఫోన్ పెట్టేసి, పాపకు అన్నం పెడుతూ ఉంటుంది. ఆ ఆలోచనతోనే వెళ్లి గుంత పక్కన నిలబడి ఏడ్చింది.

"ఏం కాదులేమే. పనుల్లో ఉంటారు" అన్నాడు చెన్నకేశవులు, తల ఎత్తకుండా.

మర్నాడు పొద్దున్నే ముఖం కడుక్కుని, పాపను ఎత్తుకుని బయల్దేరింది. పెనుకొండలో బస్సు దిగి బాబయ్య దర్గాలో చక్కెర పెట్టి ఫాతిహా చదివించింది. బిడ్డ గొంతు ఒక్కసారి వినిపిస్తే చాలు, ఇంకేమీ అడగనని కళ్లు మూసుకుంది. పాప చక్కెర అడిగితే పెట్టింది గానీ తన నోట్లో వేసుకోలేదు. అక్కడి నుంచి హిందూపురం పోయింది, అక్క నరసమ్మ ఇంటికి. నరసమ్మ కూతురు లక్ష్మీప్రియ డిగ్రీ చదువుతోంది. ఫోన్‌లో ఎవరినైనా వెతికి పట్టుకుంటుందని నీలావతి నమ్మకం.

"కాఫీ తాగు పిన్నీ, మొహం పీక్కపోయింది" అని లక్ష్మీప్రియ గ్లాసు తెచ్చి పెట్టింది.

"మొక్కుండాది. నువ్వు ముందు మీ అక్క యాడుందో చూడు."

లక్ష్మీప్రియ ఫోన్‌లో మాధవి పేరు కొట్టి చూసింది. కాసేపటికి నవ్వింది. "నీ భయం బంగారం గానూ. అక్క బాగుండాది. ఇంటర్వ్యూ ఇచ్చింది, నిన్ననే పెట్టినారు చూడు."

తెర మీద మాధవి మొహం. నీలావతి వేలితో ఆ చెంపను తడిమింది. చెంపలు నిండాయి, కళ్ల కింద నలుపు పోయింది. ఉంది, బిడ్డ ఉంది. వేలు తగిలి బొమ్మ కదిలింది, మాటలు మొదలయ్యాయి. పక్కన కూచున్న అమ్మాయి అడుగుతోంది. విదేశంలో ఉంటూ, ఫండింగ్ కోసం అంత పరిగెత్తుతూ, జీవితాన్ని ఇంత బాగా ఎలా ఆస్వాదిస్తున్నారు?

మాధవి జుట్టు వెనక్కి తోసుకుని నవ్వింది. "ఫండింగ్ టైంలోనే రెస్ట్ నేర్చుకోవాలండీ, లేకపోతే పడిపోతాం. మా రౌండ్ జనవరిలో క్లోజ్ అయింది. అయినా ఆ రూల్స్ వదల్లేదు. శని, ఆదివారాలు పూర్తిగా మావి. మధ్యలో కొన్ని రోజులు ఫోన్లు ఆఫ్ చేసేసి కొండల్లోకి వెళ్లిపోతాం. ఈ మంగళవారం కూడా వెళ్తున్నాం."

"మరి పాప?"

"పాప అమ్మమ్మ దగ్గర చాలా హ్యాపీ. మా అమ్మకు ఇంట్లో వేరే పనేం లేదు కదా. పాప ఉంటే తనకూ కాలక్షేపం."

లక్ష్మీప్రియ చెయ్యి చాచి ఆపబోయింది. "ఉండనీ" అంది నీలావతి. చివరిదాకా చూసింది. తర్వాత చాలా మామూలుగా అడిగింది. "క్లోజ్ అయిందంటే ఏందిమ్మా?"

లక్ష్మీప్రియ కళ్లు దించుకుంది. "అయిపోయిందని పిన్నీ. దుడ్లు వచ్చేసినాయని."

ఇది వైశాఖం. ఉగాది రోజున మాధవి ఫోన్‌లో ఏమన్నది? "ఇంకా రాలేదు మా, మా పని అయిపోయేటట్టుండాది." ఆ మాట విని తాను పచ్చడి గిన్నె కింద పెట్టి ఏడ్చింది. బూడిద గిన్నె చేతికి అందించి, పడుగు కింద కూచుని, తెగిన పోగులు వెతికి చూపించి పెరిగిన పిల్ల అది. అమ్మ ఏ పని చేస్తుందో తెలియని పిల్ల కాదు. అలిసిపోయాను మా, కొన్నాళ్లు ఊపిరి తీసుకుంటాను, పాపను చూడు అని ఉంటే తాను కాదనేదా? బిడ్డ కొండ ఎక్కినందుకు ఏ తల్లి ఏడుస్తుంది? తనకైతే కొండ అంటే పెనుకొండ, అదీ బిడ్డ చచ్చిందేమోనన్న భయంతో ఎక్కిన బస్సు. కానీ మాధవి అడగలేదు, భయపెట్టింది. అడిగితే తల్లి ఒక మాట అనవచ్చు, దాసమ్మ పేరు ఎత్తవచ్చు. భయపెడితే ఏమీ అనదు, పాపను ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. తల ఎత్తకుండా, ఏం కాదులేమే అన్న మొగుడి మాట గుర్తొచ్చింది. ఇన్నేళ్లుగా అందరూ ఎగతాళి చేసిన ఆ భయంతోనే ఇంటిల్లిపాదీ పని జరుపుకుంటున్నారన్నమాట.

కాఫీ గ్లాసు ఇంకా అక్కడే ఉంది. మీద మీగడ కట్టింది. నీలావతి దాన్ని వేలితో పక్కకు తీసి, చల్లారిన కాఫీని మెల్లగా, మొత్తం తాగేసింది.

"మొక్కు పిన్నీ..."

"ఎప్పుడో తీరింది గదమ్మా. నాకే తెల్దు."

సాయంత్రం ధర్మవరం చేరేసరికి చెన్నకేశవులు ఇంకా గుంతలోనే ఉన్నాడు. నీలావతి పాపను దించి, వాకిలికి కట్టిన చీర ఇవతల నిలబడింది.

"మాధవికి జనవరిలోనే దుడ్లు వచ్చినాయంట. నీకెప్పుడు తెలిసింది?"

మగ్గం చప్పుడు ఆగింది. అతను అబద్ధం ఆడలేదు. ఆ అవసరం కూడా అతనికి తోచినట్టు లేదు. "అప్పుడే చెప్పింది. అమ్మకు చెప్పొద్దు నాయనా అనింది. బిడ్డకు రవ్వంత తెరిపి కావల్ల గదమే. నీకు చెప్తే దాసమ్మెనక పోతానంటావు. పాపనెవురు చూడల్ల?"

"కొండల్లోకి పోతాండేది?"

"చెప్పింది."

"నేను నిన్న నీ ముందర నిలబడి ఏడిస్తి గదా."

"చెప్పొద్దని మాటిచ్చినా."

"తెల్లారి పెనుకొండకు పోతాంటే?"

"దేవుడికాడికే గదా పోతాండేది, పోనీలే, మంచిదే అనుకున్నా." తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు, "పొద్దున్నుంచి కాఫీ లేదు, రవ్వంత పెట్టు" అన్నాడు.

దసరా నుంచి ప్రతి పొద్దునా ఆమె వంగి ఇచ్చిన గ్లాసు. జనవరి దాటినాక కూడా, ఆ వాసనకు ఆమె మొహం తిప్పుకోవడం చూస్తూనే తాగాడు. నీ మొక్కు తీరింది, తాగు అని ఒక్క మాట. ఆ మాట చెప్పడానికి ఏ ఖర్చూ లేదు. నీలావతి పొయ్యి వెలిగించింది. ఒక గ్లాసు కాఫీ కలిపింది. వాకిట్లో మెట్టు మీద కూచుని తనే తాగింది.

ఆదివారం మధ్యాహ్నం మాధవి ఫోన్ వచ్చింది. "ఏం మా, ఇన్ని మిస్డ్ కాల్స్! ఎందుకు మా అంత టెన్షన్ పడతావు?"

"కొండలు బాగుండాయా?"

"నాయన చెప్పినాడా?"

"నువ్వే చెప్పినావు, ఇంటర్వ్యూలో. చూసినా."

"మా, అది ఊరికే మాట వరసకు... నీకు తెల్దు మా, నేను ఎంత అలిసిపోయినానో. నిద్ర కూడా లేదు ఆ ఏడాది."

"నాకు తెలుసు మాధవీ. అలిసిపోయేది నాకు తెలుసు." నీలావతి గొంతు ఎత్తలేదు. "పాపను వచ్చి తీసుకపో. నువ్వు వచ్చేదాకా మీ నాయన చూసుకుంటాడు."

"నాయనకు పనుంటాది గదా మా."

ఆ మాట అంటూనే మాధవి ఆగిపోయింది. ఏమన్నదో తనకే వినపడినట్టుంది. "మా" అంది, "మా, వింటాండావా?" నీలావతి విని, ఫోన్ పెట్టేసింది.

సోమవారం పొద్దున తలంటుకుని, ముడి వేసుకుని, అద్దాల డబ్బా తీసి సంచిలో పెట్టుకుంది. గుంత దగ్గరికి పోయింది. కాఫీ గ్లాసు కోసం చెన్నకేశవులు చెయ్యి చాచాడు. గ్లాసు లేదు.

"బయటికి రా. పాప లేచింది. నెయ్యన్నం నువ్వే కలిపి పెట్టు, నా వేళ్లకు జిడ్డు కాకూడదు."

"పడుగు మధ్యలో ఉండాది మే. నేను లేస్తే ఎట్ల?"

"నేనూ మధ్యలోనే లేస్తి."

అతను కాసేపు ఆమె మొహం చూశాడు. పోట్లాట ఏదైనా దొరుకుతుందేమోనని చూశాడు. దొరకలేదు. రెండు చేతులూ నేలకు ఆనించి, మూలుగుతూ గుంతలోంచి పైకి వచ్చాడు. హంసిక చీర అవతల నిలబడి, తాత ఇంత పొడుగుంటాడా అన్నట్టు తల ఎత్తి చూసింది.

దారి పొడుగునా నీలావతికి అన్నీ కళ్ల ముందు ఆడాయి. అతను వాకిలికి చీర సరిగా కట్టడు. పాప గుంతలో జారుతుంది. పాలు పొంగి గ్యాసు ఆరిపోతుంది. గొంతులో మెతుకు అడ్డం పడుతుంది. రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది. భయం ఎక్కడికీ పోలేదు, పక్కనే నడుస్తోంది. నడవనీ అనుకుంది. షెడ్డు గుమ్మం దగ్గర ఫోన్ మోగింది. మాధవి. మోగినంతసేపూ చేతిలో పట్టుకుని నిలబడింది. ఆగినాక, పక్కన ఉన్న మీట నొక్కి పట్టుకుంది. తెర నల్లబడింది. కొన్నప్పటి నుంచి ఆ ఫోన్ ఆరిపోవడం ఆమె చూడటం ఇదే మొదటిసారి.

దాసమ్మ అప్పటికే పడుగు ముందు కూచుని ఉంది. పక్కన నాగేంద్రమ్మ లేదు, ఖాళీ ఉంది. నీలావతి కూచుని అద్దాలు పెట్టుకుంది. బూడిద గిన్నెలో వేళ్లు ముంచింది. మొదటి పోగు జారింది. రెండోది కూడా జారింది. మూడోది నిలబడింది.

"ఫోన్ ఆపేసినావే" అంది దాసమ్మ, నమ్మలేనట్టు. "జర్మనీ నుంచి బిడ్డ చేసి, మోగకుంటే భయపడదా?"

నీలావతి పోగుకు పోగు చేర్చి, మెలిపెట్టి, లాగి చూసుకుంది.

"ఏం కాదులే. పనిలో ఉండాననుకుంటాది."