నేరేడు రంగు వేలు

రూతు టీచరు రోజూ పొద్దున అంగన్‌వాడీ తలుపు తీసేముందు గొళ్ళేన్ని సబ్బునీళ్ళతో తుడుస్తుంది. దాని నిండా నేరేడు రంగు వేలిముద్రలుంటాయి. రేణిగుంట రైల్వే గేటు అవతలి ఆ వీధిలో, దొడ్డికి పోయొచ్చి కడుక్కోని చెయ్యి ఎక్కడ తగిలినా ఆ మరక పడుతుంది. ఎప్పటినుంచో అంతే. కుళాయి మీద, బజ్జీల పళ్ళెం అంచున, గుడి గంట మీద, చర్చి బెంచీ మీద. మరక చూసి చేతులు కడుక్కున్నవాళ్ళు తక్కువ. గోడలకి నేరేడు రంగు పెయింటు వేయించుకున్నవాళ్ళు ఎక్కువ.

ఆ వారం ఏడుగురు పిల్లలకి నోట్లో పుళ్ళు, అరచేతుల్లో, అరికాళ్ళలో నీటిపొక్కులు వచ్చాయి. వాళ్ళలో మూడేళ్ళ అమల ఒకతె. ఇంట్లో దాని చెల్లెలు పదిరోజుల పసిగుడ్డు. రూతు వాళ్ళింటికి పోయి అమల అవ్వ తిరుమలమ్మతో చెప్పింది.

"అక్కా, ఇది అంటుకునే జబ్బు. ఎంగిలిలో ఉంటాది, దొడ్లో ఉంటాది. అమలకి వారంలో పోతాది గానీ, చంటిదానికి తగిలితే ప్రాణం మీదికొస్తాది. సబ్బుతో చేతులు కడుక్కో."

"అమ్మవారు పోసిండాది టీచరమ్మా. ఇంట్లో సబ్బు వాడితే ఆయమ్మకి కోపమొస్తాది. కరోనా అప్పటి శానిటైజరు సీసా ఉండాదిలే, రెండు చుక్కలు పూసుకుంటా."

"దానికి ఈ పురుగు చావదు. పూసుకుని సూడు, నీ చేతి రంగు పోతాదేమో."

"రంగుదేముంది, ఊరందరికీ ఉండేదే!"

మర్నాడు పాపకి పేరు పెట్టే పండగ. ఇల్లంతా చుట్టాలు. రూతు కూడా వచ్చింది. తిరుమలమ్మ పెరట్లో అమలకి ముడ్డి కడిగి, చెయ్యి కొంగుకి తుడుచుకుని, సీసాలోంచి రెండు చుక్కలు రాసుకుని నేరుగా లోపలికి వచ్చింది. తలుపు మీద నాలుగు వేళ్ళు పడ్డాయి. లడ్డూల తట్ట సర్దితే పైవరస లడ్డూలన్నీ మచ్చలయ్యాయి. చుట్టాలు వాటిని తిప్పి, మచ్చలేని వైపు నుంచి కొరుక్కుని తిన్నారు.  రూతు తనకి ఎవరో అందించిన లడ్డూని కిటికీలో పెట్టేసింది.

పాప నాలుకకి తేనె రాయాలి. అది పెద్దామె హక్కు.

"నా చెయ్యి మంచి చెయ్యి. నా కొడుకు పెదిమ మీద మచ్చ సూడండి, అదృష్టం మచ్చ! నా చేతి ముద్ద తిన్నప్పుడు పడింది," అంటూ తిరుమలమ్మ గిన్నెలో వేలు ముంచింది.

తేనె నేరేడు రంగుకి తిరిగింది. చంటిదాన్ని ఒళ్ళో పెట్టుకున్న తల్లి కోమలి బిడ్డ మూతి మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"చెయ్యి తియ్యి కోడలా. కలిపేస్తే రంగు కనపడదు."

కొడుకు మునికుమార్ కర్ర ఊతంతో లేచాడు. రెండేళ్ళ వయసులో, పెదవి మీద ఆ మచ్చ పడిన కొన్నాళ్ళకే, జ్వరమొచ్చి అతని కుడికాలు పడిపోయింది. కాలు కర్మ అనీ, మచ్చ అదృష్టమనీ వీధివాళ్ళు వేరువేరుగా చెప్పుకునేవారు. అతను తల్లి వేలు వైపు చూశాడు. తన పెదవి తడుముకున్నాడు.

"అమ్మా, నాకా ముద్ద పెట్టిన దినం చేతులు కడుక్కున్నావా?"

"అప్పుడు నీళ్ళు యాడుండాయి నాయనా? పక్కింటి పిల్లోడికి జరమొచ్చి కాలు కదల్లేకుంటే, వాణ్ణి కడిగి అట్నే వచ్చి నీకు..."

 తిరుమలమ్మ కొడుకు కాలు వైపు చూడబోయి, తల తిప్పుకుంది.

"పండగపూట పెద్దామెని అట్లా అడుగుతారా?" అని ఎవరో అన్నారు, లడ్డూ నములుతూ.

మునికుమార్ తల్లి మణికట్టు పట్టుకుని కుళాయి దగ్గరికి తీసుకుపోయాడు. రూతు సంచిలోంచి సబ్బు తీసిచ్చింది. మొదటిసారి నీళ్ళు నల్లగా పారాయి. రెండోసారి ఊదాగా. మూడోసారికి తేటబడ్డాయి. తేనెని కోమలి కాలవలో పారబోసింది. పాప తల్లి పాలు తాగి నిద్రపోయింది.

ఆ పిల్లకిప్పుడు రెండేళ్ళు. నాయన అదృష్టం దీనికి రాలేదే, మూతి మీద ఒక్క మచ్చన్నా లేదే అని వీధి ఆడవాళ్ళు ఇప్పటికీ నొచ్చుకుంటుంటారు. ఆ మాట వినడానికి అది ఒకచోట నిలబడదు. రెండు కాళ్ళ మీదా పరిగెత్తుతూ ఉంటుంది.