జాలి చూపిస్తాను

తోడికోడలు శ్రీవల్లి మీద నీలవేణికి ఉన్న కడుపుమంట ఈనాటిది కాదు గానీ, ఈ వేసవిలో దానికి కరెంటు బిల్లు తోడైంది.

నీలవేణి మొగుడు జగన్నాథం, శ్రీవల్లి మొగుడు రమణబాబు, అన్నదమ్ములిద్దరూ బిలాస్‌పూర్‌లో గూడ్సు బళ్లు నడిపే లోకో పైలట్లు. ఆ ఊరి తిఫ్రా పేటలో ఒకే గోడ పంచుకుని రెండిళ్లు కట్టుకున్నారు. మూడేళ్ల కిందట ఒకే రోజు, ఒకే కొట్లో, ఒకే రకం ఏసీలు రెండు కొన్నారు. రాత్రంతా బండి నడిపి వచ్చిన మనిషి పగలు పడుకోవాలి కదా! మే నెల ఎండలకి ఇక్కడ ఫ్యాను గాలి కూడా కాలుతుంది. ఇలా అన్నీ ఒకటే అయినప్పుడు బిల్లూ ఒకటే రావాలి. రాలేదు. శ్రీవల్లి వాళ్లది నీలవేణి వాళ్ల దాంట్లో సగం.

పోనీ వాళ్లు ఏసీ వేసుకోరా అంటే, గోడకి చెవి ఆనించి మరీ వింది నీలవేణి. రోజంతా తిరుగుతూనే ఉంది. మీటరు చూడ్డానికి వచ్చే మనిషికి శ్రీవల్లి టీ ఇస్తుందని గుర్తొచ్చింది. ఆ పిల్ల మేనమామ సీపత్ కరెంటు ప్లాంటులో పనిచేస్తాడనీ గుర్తొచ్చింది. ప్లాంటులో మేనమామ ఉన్నంతమాత్రాన ఇంటికి కరెంటు చవగ్గా ఎలా వస్తుందో ఆమెకీ తెలీదు. అయినా ఆ అనుమానం వదల్లేదు.

శ్రీవల్లికి అన్నీ సులువుగా అయిపోతాయి, అదీ అసలు బాధ. బిలాస్‌పూర్‌లో పుట్టి పెరిగిన పిల్ల, ఏ ఆఫీసులోనైనా హిందీలో గడగడా మాట్లాడి పని చేయించుకొస్తుంది. పలాస నుంచి కాపురానికొచ్చి ఇరవై రెండేళ్లయినా నీలవేణి హిందీ కూరగాయల బండి దాటి పోలేదు. ఒక్క చోటే ఆమెది పైచేయి. శ్రీవల్లికి తెలుగు రాయడం రాదు. వారానికి రెండు మధ్యాహ్నాలు పుస్తకం పట్టుకుని వచ్చి నీలవేణి దగ్గర అక్షరాలు దిద్దుకుంటుంది. ఆ పిల్ల తప్పు రాసినప్పుడల్లా నీలవేణి ప్రాణానికి కాస్త హాయిగా ఉంటుంది.

బిల్లులు వచ్చిన రోజు నీలవేణి ఆపుకోలేకపోయింది. "మీకేటమ్మా, మీటరు కూడా నీ మాటే వింటాది" అని గోడ మీంచి అననే అంది. శ్రీవల్లి నవ్వి ఊరుకుంది. మర్నాడు డ్యూటీకి వెళ్తూ రమణబాబు గిన్నెడు మామిడికాయ పప్పు ఇచ్చి వెళ్లాడు. మూత మీద శ్రీవల్లి చేత్తో రాసిన తెలుగు చీటీ.

"అక్కా, ఒకసారి మా ఇంటికి రండి. జాలి చూపిస్తాను."

నీలవేణి మూడుసార్లు చదివింది. ఒళ్లు మండిపోయింది. జాలి చూపిస్తుందట! అదీ, తను నేర్పిన అక్షరాలతో తనకే రాసి! చీటీ పారెయ్యలేదు, బియ్యం డబ్బాలో దాచింది. కోపం తగ్గినట్టనిపిస్తే మళ్లీ తీసి చదువుకోవచ్చు. పప్పు గిన్నె తోమి ఖాళీగా పంపేసింది. వాళ్లలో ఎవరింటి గిన్నె వచ్చినా చిటికెడు పంచదారైనా వేసి పంపుతారు. ఖాళీ గిన్నె పంపడమంటే ఇక రాకపోకలు వద్దనడమే. శ్రీవల్లి ఆ వారం అక్షరాలకి రాలేదు.

నీలవేణి పంతానికి పోయి ఏసీని పదహారులో పెట్టింది. బయట ఉన్న పెద్ద డబ్బాకి ఎండ తగలకూడదని గోనెపట్టా చుట్టూ కప్పి తాడుతో కట్టింది. ఏసీ మూలుగుతోందే తప్ప గది చల్లబడలేదు. జగన్నాథం పొద్దున్న డ్యూటీ దిగి వచ్చి పడుకుంటే పది గంటలకల్లా తలగడ చెమటతో తడిసిపోయేది. తొమ్మిది రోజులు ఓర్చుకున్నాడు. పదో రోజున తలగడ చంకలో పెట్టుకుని లేచాడు.

"ఇలాగైతే రాత్రి బండి మీద నాకు కునుకు పట్టీస్తాదే. తమ్ముడింట్లో పడుకుంటాను."

వీధంతా చూస్తుండగా, తలగడతో సహా, పక్కింటికి వెళ్లాడు. మొగుడు నిద్ర కోసం ఆ ఇంటికి పోయాడు. ఇక నీలవేణికి మిగిలిందేమిటి? గుమ్మంలో కూర్చుని గోడకేసి చూస్తూ ఉండిపోయింది. శ్రీవల్లి కిటికీ తెరలు వేసి ఉంటుంది, మంచినీళ్లు పక్కన పెట్టి ఉంటుంది, రేపట్నుంచి ఇక రోజూ ఇంతే.

మూడింటికి జగన్నాథం మరిచిపోయిన ఫోను మోగింది. డ్యూటీ పిలుపు. తప్పక తీసుకెళ్లింది. ఆ గదిలో అడుగుపెట్టగానే చెమట ఆరిపోయింది. ఏసీ ఇరవై ఆరులో ఉంది, పైన ఫ్యాను నెమ్మదిగా తిరుగుతోంది. నెల రోజుల నిద్ర ఒక్కసారే పోతున్నట్టు పడుకున్న మనిషిని లేపి ఫోను చేతిలో పెట్టింది. అతను మాట్లాడుతూ బయటికి నడిచాడు. నీలవేణి కూడా వెనుదిరిగింది.

"వచ్చేరు కదా అక్కా, ఉండండి," అంది శ్రీవల్లి. ఏసీ ఆపి, స్టూలెక్కి, ముందు మూత పైకెత్తి, లోపల్నుంచి సన్నటి వల తెర ఒకటి బయటికి లాగింది. "ఇదే జాలీ. ఆ రోజు చీటీలో రాసేను గదా, చూపిస్తానని."

నీలవేణి దాన్ని చేతిలోకి తీసుకుని చూసింది. ఇరవై రెండేళ్లుగా తన కిటికీకి కొట్టిన దోమతెరని తనూ జాలీ అనే పిలుస్తోంది. కాగితం మీద తెలుగులో చూసేసరికి ఆ మాటే తోచలేదు.

ఈ ఊరి బొగ్గు దుమ్ముకి పదిహేను రోజులకోసారి కడగాలట. ఎండలు ముదరకముందే ఏసీలు బాగుచేసే మిస్త్రీని పిలిచి లోపలంతా శుభ్రం చేయించాలట. బయటి డబ్బాకి గాలి ఆడాలట. శ్రీవల్లి చెబుతుంటే గోనెపట్టా గుర్తొచ్చి నీలవేణి తల దించుకుంది.

ఇంటికి వచ్చి తాడు కోసి పారేసింది. మూత ఎత్తితే జాలీ మీద మూడేళ్ల దుమ్ము గొంగళిలా పేరుకుని ఉంది. కుళాయి కింద పెడితే కారిన నీళ్లన్నీ నలుపే. ఆ నలుపంతా తనదేనని నీలవేణికి అనిపించింది. మర్నాడు జగన్నాథం తన మంచం మీదే సాయంత్రం దాకా నిద్రపోయాడు.

నాలుగో రోజున గిన్నె నిండా సున్నుండలు పెట్టి పట్టుకెళ్లి, పుస్తకం తెచ్చుకోమని శ్రీవల్లిని పిలిచింది. లోపలి గదిలో జగన్నాథం గురక పెడుతున్నాడు. జాలీ అని రాయమంటే ఆ పిల్ల మళ్లీ జాలి అనే రాసింది. గుడి కాదు, గుడిదీర్ఘం పెట్టాలని నీలవేణి దిద్దింది.

"గుడి పెడితే వేరే మాటా అక్కా? ఏటది?"

అలాంటి మాట లేదని చెప్పెయ్యొచ్చు. నీలవేణి ఆ గుడి మీద వేలు పెట్టింది.

"తరస్," అంది, జాలిని హిందీలోకి మార్చి.

శ్రీవల్లి కలం ఆగిపోయింది. తను పంపిన చీటీ, ఖాళీగా తిరిగొచ్చిన గిన్నె, మాటల్లేని పది రోజులు ఒక్కొక్కటే ఆమెకి గుర్తొస్తున్నట్టు మొహం ఎర్రబడింది. "అంటే నేను మీ మీద..."

"రాయి ముందు. పదిసార్లు," అంది నీలవేణి.

శ్రీవల్లి తల వంచుకుని రాసింది. పదిసార్లూ గుడిదీర్ఘం సరిగ్గా పెట్టింది. అక్షరాలు కూడా గుండ్రంగా, నీలవేణి రాత కన్నా బాగున్నాయి. నీలవేణి కడుపులో మళ్లీ కాస్త మండింది.