పొద్దు తిరిగే మచ్చ

ఈ సంగతి నాకు మొదట చెప్పినవాడు బస్సు నడిపే మాన్‌బోక్. నా నిచ్చెన ఒకటి అడిగి పట్టుకుపోయి ఈనాటికీ తిరిగివ్వని మనిషి. నిచ్చెన మాట అలా ఉంచుదాం, చెప్పిన కథలోనూ సగం అబద్ధం కలిపాడు. అసలు జరిగింది తరువాత ఇది జరిగిన ఇంటి అత్తగారు చెప్పింది. ఆవిడ ఆ రోజు చెట్టు కింద నిలబడి ఉంది. మాన్‌బోక్ బస్సులో ఉన్నాడు.

మా ఊరు సోల్‌గోల్‌లో ఆపిల్ కోతకి ముందు ఆకు తుంచుతారు. కాయ మీద ఆకు నీడ పడితే అంత మేరా ఎరుపెక్కదు, పచ్చ మచ్చ మిగిలిపోతుంది. అందుకని కాయ చుట్టూ ఆకులు తీసేసి, కాయని ఇటు తిప్పి అటు తిప్పి, చెట్టు కింద వెండిలా మెరిసే పట్టా పరుస్తారు. కింది నుంచి కూడా ఎండ కొట్టి కాయ అడుగు ఎర్రబడుతుంది. సహకార సంఘం షెడ్డులో కాయలకి రకం కట్టేది నేను. గోరంత పచ్చ కనబడినా రెండో రకంలోకి తోసేస్తాను. అందుకు నన్ను తిట్టని ఇల్లు ఊళ్ళో లేదు.

కాయల మొహాలు అంత శుభ్రంగా ఉంచే ఆడవాళ్ళ మొహాలు మాత్రం అలా ఉండవు. మాల్‌సుక్ ఆ ఇంటి పెద్దకోడలు. తొలి కాన్పుకి కడుపుతో ఉన్నప్పుడు ఆమె రెండు చెంపల మీదా గోధుమరంగు మచ్చలు వచ్చాయి. బిడ్డ పుడితే పోతాయన్నారు. పోలేదు. రెండో కాన్పుకి నుదుటి మీదికి పాకాయి. ఆపైన తోటలో ఎండ వాటిని పెంచి పోషించింది.

చిన్నకోడలు గుమ్‌రాన్‌కి ఉన్నది ఒకటే మచ్చ. అది పొద్దున్నే ఎడమ చెవి దగ్గర పుట్టేది. మధ్యాహ్నానికి ముక్కు మీదికి వచ్చేది. పొద్దు వాలేసరికి కుడి చెవి వెనక జుట్టులోకి దిగిపోయేది. మబ్బు పట్టిన రోజూ తప్పేది కాదు. ఊరంతా దాన్ని చూసే వంటకి లేచేది, దాన్ని చూసే పని మానేది.

"చెల్లెమ్మా, ఒకసారి ఇటు తిరుగు. ఆలస్యమైందా నాకు?" అని మాన్‌బోక్ బస్సులోంచే అడిగేవాడు.

"ఇంకా కన్ను దాటలేదన్నయ్యా, నెమ్మదిగానే పో."

మాల్‌సుక్‌ని కోసేసింది మచ్చ తిరగడం కాదు, సాయంత్రానికి పోవడం. సంఘం విందులన్నీ సాయంత్రాలే. గుమ్‌రాన్ కడిగిన ముల్లంగిలా వచ్చి కూర్చునేది. ఆపిల్ పెట్టెల మీదికి ఫొటో తీసే అబ్బాయి కూడా ఏటవాలు ఎండ బావుంటుందని సాయంత్రమే వచ్చాడు. అంతే, ఆ ఏడాది ఊరి పెట్టెలన్నిటి మీదా గుమ్‌రాన్ మొహం నవ్వుతూ కూర్చుంది. ముందు కోడలై వచ్చి, ముందు చాకిరీ చేసిన మాల్‌సుక్ రోజంతా ఆ మొహాన్ని రెండు చేతులా మోసేది. పెట్టె మూసేటప్పుడు టేపు సరిగ్గా ముక్కు మీంచి లాగి అంటించేది.

"టేపు వంకరగా వేస్తున్నావు" అన్నాను ఒకసారి.

"నీకు కాయలు చూడటం వచ్చు బాబాయ్. అవి చూసుకో."

మరుసటి కోతకి ఫొటో మారుస్తారని తెలిసింది. ఈసారి పెట్టె మీద తన మొహమే ఉండాలి. మాల్‌సుక్‌కి ఇంక తిండి సయించలేదు. బియ్యం కడిగిన నీళ్ళతో మొహం కడిగింది. నిమ్మరసం పూసుకుని తోటకి పోయింది. ఎండకి చర్మం కమిలి ఇంకా నల్లబడింది. సంతలో పేరు లేని డబ్బా క్రీము కొని రాసింది. కొన్నాళ్ళు తెల్లగా పాలిపోతే ఊరంతా మెచ్చుకుంది. మానగానే మచ్చలు రెట్టింపై తిరిగొచ్చాయి. ఆమెని తినేసింది ఆ మచ్చలకంటే ఎక్కువగా ఆ మెచ్చుకోలే.

ఒక సాయంత్రం ఆమె అద్దం ముందు కాళ్ళు మడుచుకుని కూర్చుని ఉంటే అత్తగారు వెనకనుంచి చూసింది.

"పెద్దమ్మాయ్, నీ మడమకి అదేమిటి నల్లగా?"

"తోట మట్టి అత్తయ్యా."

"నిన్నా ఉంది."

"నిన్నా తోటకే పోయాను."

అద్దంలోంచి కళ్ళు తీయకుండానే చెప్పింది.

ఆకు తుంచే రోజుల్లో తోడికోడళ్ళిద్దరూ ఒకే చెట్టుకి నిచ్చెనలు వేసుకున్నారు. మిట్టమధ్యాహ్నం. అత్తగారు కింద నిలబడి నిచ్చెన పట్టుకుంది.

"నీకేమే, పొద్దు వాలితే తుడిచేసినట్టు పోతుంది" అంది మాల్‌సుక్.

"పగలంతా జనం నా మొహంలో టైము చూసుకుంటారక్కా. నన్ను చూసేవాళ్ళేరీ?"

"చూడకుండానే పెట్టె మీద వేశారా?"

గుమ్‌రాన్ ముక్కు మీదున్న మచ్చ అప్పుడే కిందికి దిగింది. ఆకు నీడ జరిగినట్టు కొమ్మ మీదుగా జరిగి, ఒక కాయ దాటి, మాల్‌సుక్ చేతి తొడుగు మీంచి ఆమె చెంప ఎక్కింది. ఎవరి చెయ్యీ కదల్లేదు.

"నీ మీదికి వచ్చింది పెద్దమ్మాయ్" అంది అత్తగారు. "నిచ్చెన కదిలించకు."

మాల్‌సుక్‌కి ఆశ పుట్టింది. సాయంత్రం ఇది దిగేటప్పుడు మిగతావాటినీ వెంటబెట్టుకుపోతుందనుకుంది. కానీ మచ్చ ఆమె మొహం మీద ఒక్క క్షణమైనా ఆగలేదు. మెడ దిగి, చొక్కాలోంచి జారి, మోకాలు దాటి రబ్బరు బూటులోకి పోయింది. బూటు విప్పితే మడమ మీద, ఆ నల్లటిదాని పైన కూర్చుని ఉంది. పొద్దు వాలినా దిగలేదు.

"దాని మచ్చకి కూడా నా మొహం పనికిరాలేదు" అని మాల్‌సుక్ అన్నం ముందు కూర్చుని ఏడ్చింది.

తెల్లారేసరికి ఆ చోటు ఎండలో పరిచిన పట్టాలా కాలిపోతోంది. అడుగు మోపలేకపోయింది.

"నీ మచ్చని నువ్వు పిలుచుకో" అంది గుమ్‌రాన్‌తో.

"నా మాట వినేదైతే పెళ్ళినాడే పొమ్మనేదాన్నక్కా. రా, వీపెక్కు."

మోసుకుని బస్సు దాకా తెచ్చింది. మాన్‌బోక్ అలవాటుగా, "ఎంతయింది చెల్లెమ్మా?" అన్నాడు.

"మా అక్క అరికాలి కింద ఉంది, వంగి చూసుకో."

అందొంగ్ పట్నంలో చర్మం డాక్టరమ్మ దగ్గర కూర్చోగానే మాల్‌సుక్ ముందు మొహం చాపింది. డాక్టరమ్మ చూసింది.

"ఇవి కాన్పుతో వచ్చాయి, ఎండతో ముదిరాయి. రుద్దినకొద్దీ నల్లబడతాయి. టోపీ పెట్టుకున్నా మీ పట్టా కింది నుంచి కొడుతుంది కదా, కళ్ళ కింద దాకా బట్ట కట్టుకో. పగలు ఎండ తగలనివ్వని క్రీము, రాత్రి నేనిచ్చేది. తొందర పనికిరాదు."

తరువాత మడమ చూసింది. భూతద్దం పెట్టి చాలాసేపు చూసింది. అంచులు వంకర, రంగు ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా.

"ఇదెప్పటినుంచి?"

"అది నాది కాదమ్మా, దీనిది" అని మాల్‌సుక్ గుమ్‌రాన్‌ని చూపించింది.

"పైన కూర్చున్నది ఎవరిదైనా కానీ. కిందది నీది."

వారం తిరగకుండా కోసి తీసేశారు. పరీక్షకి పంపితే చెడ్డదే, చర్మం క్యాన్సరే అని తేలింది. ఇంకొన్నాళ్ళు మట్టి అనుకుని ఊరుకుంటే మనిషి దక్కేది కాదని డాక్టరమ్మ అత్తగారితో విడిగా చెప్పింది. గుమ్‌రాన్ మచ్చ కూడా ఆ ముక్కతోనే పోయింది.

అప్పటినుంచి ఊళ్ళో గడియారాలు కొన్నారు, బస్సు ఆలస్యంగా వస్తోంది. మాల్‌సుక్ బట్ట కట్టుకుంటోంది, క్రీము రాస్తోంది. మచ్చలు సగం వెలిశాయి. నేనైతే ఆ మొహాన్ని ఇంకా రెండో రకంలోనే వేస్తాను. కొత్త పెట్టె మీద ఎవరి మొహమూ వద్దని గుమ్‌రానే సంఘంలో చెప్పింది, ఉత్త ఆపిల్ వేశారు. "దానికి పగలంతా తెల్లటి మొహం, నాకు కుంటి నడక" అని మాల్‌సుక్ ఇప్పటికీ అంటుంది. ఆ కుళ్ళుని ఏ డాక్టరూ కోయలేదు. కానీ మిగిలిన పాత పెట్టెలు మూసేటప్పుడు టేపు మొహం పక్కనుంచి తిన్నగా వేస్తోంది. నేను చూశాను.

ఇప్పుడు బస్టాపు గోడ మీద పట్నం పిల్లలు ఈ కథ బొమ్మ వేశారు. మాన్‌బోక్ చెప్పినట్టే వేశారు: మాల్‌సుక్ చెయ్యి చాపి గుమ్‌రాన్ చెంప మీంచి మచ్చ పీకుతోంది. ఆమె పీకలేదు. అది తనంత తానే నడిచి వచ్చింది. ఈ మాట మాల్‌సుక్‌తో అంటే, "ఉండనీ బాబాయ్, గోడ మీదైనా దాని దగ్గర్నుంచి ఒకటి లాక్కున్నాను" అంటుంది. ఆమె మాట పట్టించుకోవద్దు. కుంచె పట్టడం వచ్చినవాళ్ళు ఎవరైనా సరే, ఒకసారి మా ఊరు వచ్చి ఆ చెయ్యి చెరిపేయండి. ఆ బొమ్మలో కాయలకి కూడా సరైన ఎరుపు వేయండి.