ప్రసంగం ఆగే చప్పుడు

పాస్టరు కృపావరం గారు పందిట్లో నిలబడి ఇంకా ప్రసంగిస్తూనే ఉన్నారు, ఆడవాళ్ళ వైపు మొదటి చాప మీద ఆయన భార్య ఎస్తేరమ్మ కూర్చుని వింటోంది, ఆయన చనిపోయారన్న సంగతి ఆమెకు తెలుసు, ఆయనకూ తెలుసు, కానీ సభ మధ్యలో ఆ మాట ఎత్తితే బాగుండదని ఇద్దరూ ఊరుకున్నారు. తాటాకు పందిరి అనుకున్నది కాసేపటికి రేపల్లె బస్టాండు అవుతోంది, ఆ బస్టాండు గోడలో వాళ్ళ వంటింటి గూడు ఉంది, గూట్లో ఉప్పు జాడీ ఉంది, చాపల కింద ఇసుక చల్లగా తగులుతోంది. వెనక వరసల్లో ఆయన పెళ్ళిళ్ళు చేయించినవాళ్ళు, ఆయన ప్రార్థన చేసి సమాధిలోకి దింపినవాళ్ళు, అందరూ ఓపిగ్గానే కూర్చున్నారు. ఓపిక అయిపోయిందల్లా ఎస్తేరమ్మకే.

"చివరిగా ఒక్క మాట చెప్పి ముగిస్తాను," అంటారు ఆయన.

ఆ మాట ఆమె ఎన్నిసార్లు వినలేదు గనక. అయ్యగారి చివరి మాట అంటే ఇంకో అరగంట అని సంఘమంతటికీ తెలుసు. చంటిపిల్లల తల్లులూ, పొయ్యి మీద కూర పెట్టి వచ్చినవాళ్ళూ నెమ్మదిగా ఎస్తేరమ్మ వంక చూసేవాళ్ళు. అప్పుడామె కళ్ళజోడు తీసి, రేకు డబ్బాలో పెట్టి, మూత టప్పున మూసేది. అంతే, ఎంత ఊపులో ఉన్నా సరే, ఆయన గొంతు దించి, కళ్ళు మూసుకుని ముగింపు ప్రార్థనలోకి దిగిపోయేవారు. మొదట్లో ఆయనే అడిగారు, మొదలుపెట్టడమే గానీ ఆపడం నాకు చేతకాదు, నువ్వే ఆపాలి అని.

ఇప్పుడు ఆ డబ్బా ఆమె ఒళ్ళోనే ఉంది, తెరిచే ఉంది. కళ్ళజోడు ముఖానే ఉంది.

ఆయన భుజం మీద కూతురు రూతు నిద్రపోతోంది, నెలల పిల్లలాగే ఉంది గానీ జుట్టులో తెల్ల వెంట్రుకలున్నాయి, ఎస్తేరమ్మకు అదేమీ వింతగా లేదు. ఆ పిల్ల కడుపునొప్పితో గుక్కపట్టి ఏడ్చే రోజుల్లో ఆయన ఇలాగే భుజాన వేసుకుని, ఎడం చేత్తో వీపు నిమురుతూ వాక్యం చెప్పేవారు, పిల్ల ఎక్కడ లేస్తుందోనని జనం హల్లెలూయ కూడా గుసగుసగా అనేవాళ్ళు. బిడ్డని అలా మోసిన మనిషి మరొకరిని ఆ చుట్టుపక్కల ఆమె చూడలేదు, ఆ మాట మాత్రం ఎవరడిగినా ఒప్పుకుంటుంది.

"ఎస్తేరూ, డబ్బా మూయవేం?" ఆయన ప్రసంగం మధ్యలోనే ఆమెతో మాట్లాడుతున్నారు, ఇంకెవరికీ వినిపిస్తున్నట్టు లేదు.

"మూయను."

"నన్ను మట్టిలో పెట్టిన రోజు నుంచీ నీ డబ్బా మూతపడలేదు. ఎంతసేపని నిలబడను? కాళ్ళు లాగుతున్నాయి."

"కూర్చుంటే మళ్ళీ లేవరు మీరు. నాకు తెలీదా?"

చాపల అంచు తడుస్తోంది, నీళ్ళు నురగతో వచ్చి ఆమె కాలివేళ్ళ దాకా పాకి వెనక్కి పోతున్నాయి.

"బాపట్ల సముద్రం," అంటారు ఆయన కాస్త సిగ్గుపడుతూ. "మనం వెళ్ళలేకపోయాంగా. అదే వచ్చింది."

"ప్రతి ఏడూ తీసుకెళ్తానన్నారు. చీర కట్టుకుని గడపలో నిలబడితే, అప్పుడే ఎవరికో ప్రాణం మీదికొచ్చేది, మీరు సైకిలెక్కేవారు. పోనీ, దానికి నేనేమన్నా అన్నానా?"

"అనలేదు."

"ఇప్పుడంటున్నా. ఊళ్ళో చావబోయే ప్రతివాళ్ళ పక్కనా కూర్చుని చెవిలో మాట చెప్పి పంపారు. నేను మజ్జిగ తెచ్చేలోపు మీరు కుర్చీలో తల వాల్చేశారు. నాకేం చెప్పారు? వచ్చినవాళ్ళంతా అయ్యగారు మంచివారు, మంచివారు అంటుంటే వినీ వినీ అలిసిపోయాను. మంచివారే. ఎవరు కాదన్నారు? మీకు కాళ్ళే లాగుతున్నాయి, నాకు ఒళ్ళంతా లాగుతోంది. నాకూ ఒక్క మాట చెప్పండి. అప్పుడు మూస్తాను."

సముద్రం ఆగింది. వెనక వరసల్లో జనం తలలు పక్కకి తిప్పుకున్నారు, మొగుడూ పెళ్ళాల మాటల మధ్య ఉండకూడదన్నట్టు. ఆయన పిల్లని భుజం మార్చుకుని దిగి వస్తున్నారు, నాలుగడుగుల దూరం ఎంతకీ తరగడం లేదు, చివరికి వచ్చి ఆమె ఎదుట మోకాలి మీద వంగారు, కొబ్బరినూనె వాసన, చెమట వాసన, అచ్చం ఆయన వాసనే. చెయ్యి చాచి ఆమె కళ్ళజోడు మెల్లగా, చెవుల దగ్గర వెంట్రుకలు చిక్కుకోకుండా తీశారు. ఆయన ముఖం అలుక్కుపోయింది.

"చివరిగా ఒక్క మాట," అంటున్నారు. "ఇది నీకే."

ఆయన నోరు తెరిచారు.

టప్.

మధ్యాహ్నపు ఎండ వరండా గచ్చు మీద పడి ఉంది. ఎస్తేరమ్మ ఆయన పడక్కుర్చీలో ఉంది. ఎదురుగా రూతు, నెరిసిన జుట్టు ముడేసుకుని, రేకు డబ్బా చేత పట్టుకుని నిలబడి ఉంది.

"కళ్ళజోడు పెట్టుకునే నిద్రపోయావమ్మా. వంగిపోతుందని తీశాను."

"రెండు నిమిషాలు ఆగలేకపోయావా?" అంది ఎస్తేరమ్మ. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, కోపం కూడా వచ్చింది, పిల్ల మీద కాదు.

రూతుకి అర్థం కాలేదు. "కావాలా? తీసివ్వనా?" అని మూత మీద బొటనవేలు పెట్టింది.

ఎస్తేరమ్మ ఆ వేలి వంక చూసింది.

"వద్దులే, ఉండనీ," అంది. "మీ నాన్నకి కాళ్ళు లాగుతున్నాయంట. కూర్చోనీ."