చుక్కలు రాని శుక్రవారం

కరకగుడలో సిగ్నల్ వచ్చేది ఒక్కచోటే. కాఫీ తోట అంచున, గెడ్డకు, అంటే కొండవాగుకు, ఎగువనున్న పెద్ద బండ మీద. రాజకుమారి పనంతా ఆ బండ మీదికే తెచ్చుకునేది. విస్తళ్లకు అడ్డాకులు కుట్టినా, చోళ్లు చెరిగినా అక్కడే. పక్కన బటన్ల ఫోన్. గెడ్డ పొంగేముందు చెబుతుందని చెప్పి వరద హెచ్చరికల ప్రాజెక్టువాళ్లు ఇచ్చారు.

పోయినేడు వానాకాలంలో ఒక శుక్రవారం ఫోన్ కూసింది. ఆమె తెర చూసింది.

à°—à±†à°¡à±à°¡

అలాంటివే వరుసగా నాలుగు లైన్లు. అది ఏ భాషో ఆమెకు తెలియదు. తెలుగైనా ఆమెకు చదవడం రాదు. ఇంట్లో ఆదివాసీ ఒడియా, సంతలో తెలుగు, బడి ముఖం ఎన్నడూ చూడలేదు. ఆమె చూసింది అక్షరాలను కాదు, వాటి మధ్య పైకి తేలినట్టుండే చిన్న చిన్న గుండ్రటి చుక్కలను. అచ్చం చినుకులే. మొదటిసారి ఆ చుక్కలొచ్చిన పూట గెడ్డ పొంగింది. రెండోసారీ పొంగింది. మూడోసారికి ఆమె అనుమానపడలేదు.

ఫోన్ కంపెనీ రోజూ పంపే మెసేజ్‌లు వేరు. అవి తెలుగులో ఉంటాయి, రీచార్జ్ చేయించుకోమంటాయి. వాటిలో చుక్కలుండవు. వాటిని ఆమె లెక్కచేసేది కాదు.

ఆ రోజు ఆమె బండ దిగి ఒడ్డుకు పరుగెత్తింది. అక్కడ పాతిన వెదురుకు పాత ఎర్ర చీర కట్టింది. అవతలి ఒడ్డున, అరకు శుక్రవారం సంత నుంచి జీపులో వచ్చి దిగిన జనం చీర చూసి ఆగిపోయారు. పైన ఎండ కాస్తోంది. గెడ్డలో నీళ్లు మోకాలి కిందే ఉన్నాయి. అయినా ఒక్కరు దిగలేదు. కాసేపటికి కొండ మీద కురిసిన వాన ఎర్రగా, చెట్టు మొద్దులతో సహా దొర్లుకుంటూ వచ్చింది.

"నా పెళ్లాం సీర కడితే గవర్నమెంటు ఆర్డరే," అని ధర్మ అవతలి ఒడ్డు నుంచి అరిచాడు. ఆమె మొగుడు. జనం నవ్వారు.

ఆ వానాకాలమంతా కరకగుడ గెడ్డ ఎవరినీ తీసుకుపోలేదు. అంతకుముందు ఏటా ఎవరో ఒకరు పోయేవారు.

*

ఆ మెసేజ్ మీద మొదటి ఫిర్యాదు విశాఖపట్నం నుంచి వచ్చిన మోహన్‌కృష్ణది. ప్రాజెక్టు మేనేజరు. ఈ ఏడు వేసవి చివర తన నంబరు కూడా హెచ్చరికలు వెళ్లే జాబితాలో చేర్పించుకున్నాడు. మొదటి జల్లుకే ఫోన్ పట్టుకుని అరకు ఆఫీసు మేడెక్కాడు.

"సౌందర్యా, ఇదేంటమ్మా? ఫ్రెంచా, జర్మనా?"

సౌందర్య చూసింది. ఆమెది పార్వతీపురం. ప్రాజెక్టు వెబ్‌సైటు పనంతా ఆమెదే, చేరి మూడు నెలలైంది.

"తెలుగేనండి. ఎన్‌కోడింగ్ పోయింది."

"ఏడాదిగా ఇలాగే పోతోందా? వచ్చే నెల నిధులిచ్చేవాళ్లు వస్తున్నారు. వాళ్లకి ఇది చూపిస్తే ఇంకేమైనా ఉందా?"

మూలనున్న సుక్రు కలగజేసుకున్నాడు. కొండ ఊళ్లన్నీ తిరిగే ఫీల్డు మనిషి. "పోయినేడు గెడ్డలో ఒక్కరూ పోనేదు సార్. మెసేజి బాగానే పంజేసిందనుకున్నాం."

"అదృష్టం. ఇది చూసి ఎవరాగుతారయ్యా?"

"ఓపాలి కరకగుడ ఎల్లి అడిగొత్తాను."

"ఏమని అడుగుతావు? పిచ్చి గీతలు కావాలా, తెలుగు కావాలా అనా?"

సుక్రు నవ్వేశాడు. సౌందర్య కూడా నవ్వింది. ఆ మాట అక్కడితో పోయింది.

ఆమె పని మొదలుపెట్టింది. ముందు తన ఫోనుకు పంపుకుంది. అక్కడా అదే చెత్త, కాబట్టి ఫోన్లలో తెలుగు లేకపోవడం కాదు. వెబ్ పేజీ తెరిచింది. అక్కడ అదే సందేశం ముత్యాల్లాంటి తెలుగులో ఉంది. ఒకే డేటాబేసు, ఒకే సందేశం. పేజీలో సరిగ్గా, ఫోన్లో వంకరగా.

మర్నాటికి దొరికింది. సందేశాన్ని డేటాబేసులో పెట్టే చిన్న ప్రోగ్రాము, స్క్రిప్టు, ఒకటి, తీసి పేజీలో చూపేది ఇంకొకటి, ఫోన్లకు పంపేది మూడోది. మొదటిది, లోపలికి వెళ్లేది యూటీఎఫ్-8 అనే పద్ధతిలో రాసిన తెలుగని చెప్పకుండానే తోసేసింది. డేటాబేసు ఒక్కో తెలుగు అక్షరాన్ని మూడు ముక్కలుగా చూసి, ఒక్కో ముక్కనూ యూరప్ అక్షరం అనుకుని దాచుకుంది. రెండోది అదే తప్పును తిరగేసి చేసింది. తప్పుకు తప్పు కొట్టేసుకుని పేజీలో చక్కటి తెలుగు కనబడింది. మూడోదాన్ని తర్వాత ఎవరో శ్రద్ధగా రాశారు. అది ఉన్నది ఉన్నట్టు పంపింది. ఆ మూడింటిలో తప్పు లేనిది అదొక్కటే. చెత్త బయటపడింది దాని నుంచే.

సౌందర్య దాచిన సందేశాలన్నిటినీ తిరగరాసింది. మూడు స్క్రిప్టులకూ ఒకే భాష నేర్పింది. తన ఫోనుకు పంపి చూసుకుంది. తెలుగు వచ్చింది. ఎంతో తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది. గెడ్డ దాటేవాళ్ల ప్రాణం ఆ ఒక్క లైను మీద ఉందని ఆమెకు తెలుసు. అందుకే ఊళ్లన్నిటికీ పరీక్ష మెసేజ్ పంపి, ఒక్కో ఊరికీ ఫోన్ చేసింది.

కరకగుడలో ఆ సాయంత్రం బండ మీద ధర్మ ఉన్నాడు, అతనే ఎత్తాడు. ఫోన్ అతని పేరు మీదే ఉంది. అయిదో తరగతి దాకా చదివాడని రికార్డులో ఉంది.

"మెసేజ్ వచ్చిందా?"

"వచ్చినాది మేడం."

"చదవండి ఒకసారి."

అతను కూడబలుక్కున్నాడు. "ప... రీ... క్ష. పరీక్షంట. ఈ వయసులో నాకు పరీచ్చలేటి మేడం?"

సౌందర్య నవ్వి, కరకగుడకు ఎదురుగా టిక్కు పెట్టింది. ఫోన్ పగలంతా ఎవరి దగ్గర ఉంటుందని అడగలేదు. అడగాలని తోచలేదు.

*

జూలైలో ఒక శుక్రవారం, మధ్యాహ్నం దాటాక, కొండ పైనున్న వర్షమాపకంలో కొలత హద్దు దాటింది. సౌందర్య తెర ముందే ఉంది. స్క్రిప్టు కదిలింది. ఒక్కో ఊరి పేరు పక్కన ఆకుపచ్చ గుర్తు వెలుగుతోంది. కరకగుడ, అందింది. అరకులో ఎండగానే ఉంది. ఆమె టీ తెప్పించుకుంది.

బండ మీద ఫోన్ కూసింది. రాజకుమారి చేతిలోని అడ్డాకు పక్కన పెట్టి తెర చూసింది. తెలుగు అక్షరాలు. పైనుంచి కిందకి అక్షరాలే. ఒక్క చుక్క లేదు.

రీచార్జివాళ్లు, అనుకుంది. ఫోన్ బోర్లించి మళ్లీ ఆకు తీసుకుంది.

అవతలి ఒడ్డున జీపు ఆగింది. ధర్మ నెత్తిన ఉప్పు, నూనె, చెల్లెలి పిల్లకు కొన్న గౌను ఉన్న మూట. అందరూ వెదురు వైపు చూశారు. చీర లేదు.

"పదండి పదండి, బేగి," అని ధర్మ ముందు దిగాడు. ఎప్పుడూ ముందు అతనే దిగుతాడు. లోతు చూసి వెనకవాళ్లకు చెబుతాడు.

అతను నడిమధ్యకు వెళ్లేసరికి నీళ్లొచ్చాయి.

ఆ ఊళ్లో ఆ మెసేజ్‌ను కూడబలుక్కునైనా చదవగలిగిన పెద్దవాడు అతనొక్కడే.

*

సుక్రు ఫోన్ చేసినప్పుడు సౌందర్య మొదట అన్న మాట, "మెసేజ్ అందిందే."

ఆ మాట తర్వాత చాలాసార్లు గుర్తొచ్చింది ఆమెకు.

శవం రెండో రోజు దిగువన దొరికింది. కర్మలు అయ్యాక సుక్రుతో కలిసి ఆమె కరకగుడ వెళ్లింది. ధర్మ తల్లి అచ్చియమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. కోడలి వైపు చూడకుండా, వచ్చినవాళ్లతో అంది.

"ఫోను దాని సేతిలోనే ఉంది. సీర ఇంట్లోనే ఉంది. వొడ్డు పది అంగల్లో ఉంది. కట్టనేదు. నా కొడుకు ఆ సీర కోసమే సూసి దిగినాడు."

రాజకుమారి లేచింది. లోపలికి వెళ్లి ఫోన్ తెచ్చి సౌందర్య చేతిలో పెట్టింది.

"సూడండి మేడం. సుక్కలు రానేదు."

"ఏ చుక్కలక్కా?"

రాజకుమారి బటన్లు నొక్కుకుంటూ పాత మెసేజ్‌ల్లోకి వెళ్లింది. పోయినేటి మెసేజ్‌లు ఒక్కటీ చెరపలేదు. à° à± à°. తెర నిండా చినుకులు. గోటితో ఒక్కొక్కదాన్నీ చూపించింది.

"ఇయ్యి వత్తే గెడ్డొత్తాది. ఇయ్యి వత్తే సీర కడతాను. ఆ రోజు ఇయ్యి రానేదు. ఇంకేదో వచ్చింది." కొత్త మెసేజ్ తెరిచింది. "ఇందులో ఏటి రాసుంది? అప్పటికాన్నుంచి ఎవులినీ అడగనేదు."

సౌందర్య చదవాల్సి వచ్చింది. రాసింది తనే కాబట్టి చూడకుండా చెప్పగలదు, అయినా చూసే చదివింది.

"కరకగుడ గెడ్డలో నీరు పెరుగుతోంది. ఎవరూ దాటవద్దు."

"అదేనా రాసుంది," అంది రాజకుమారి. ఫోన్ వెనక్కి తీసుకుని, "సుక్కలెందుకు తీసేసినారు మేడం?"

సౌందర్య దగ్గర దానికి జవాబుంది. డేటాబేసు, మూడు స్క్రిప్టులు, కొట్టేసుకున్న తప్పులు. అందులో ఒక్క ముక్క కూడా ఆ అరుగు మీద చెప్పడానికి పనికిరాదు.

"బాగుచేద్దామని," అంది.

*

మోహన్‌కృష్ణ రిపోర్టు అప్పటికే తయారుగా ఉంది. సందేశం అందింది, స్పష్టమైన తెలుగులో ఉంది, ఫోన్ దగ్గరున్న వ్యక్తి నిర్లక్ష్యం వల్ల ప్రమాదం జరిగింది.

"నిర్లక్ష్యం తీసేయండి సార్," అంది సౌందర్య. "ఆవిడ తప్పు కాదు. మనం గుర్తు మార్చేసి చెప్పలేదు."

"అది గుర్తు కాదమ్మా, బగ్గు."

"మనకి బగ్గు. వాళ్లు ఏడాది పాటు దాంతోనే బతికారు."

"సరే, ఆవిడ తప్పు కాదని రాస్తాను. మరి ఎవరిదని రాయాలి? నీ పేరు రాయనా?"

"రాయండి."

అతను నవ్వాడు. "నీ పేరు రాస్తే, చెయ్యమన్నది ఎవరని అడుగుతారు. నీకేం, ఇంకో ఉద్యోగం చూసుకుంటావు. మెసేజ్ ముందు ఆ చుక్కలేవో పెట్టుకో, నేను అడ్డం రాను. రిపోర్టు జోలికి మాత్రం రాకు."

ఆమె చుక్కలు పెట్టింది. సందేశానికి ముందు రెండు వరుసలు, తర్వాత తెలుగు. ఒక్క లైను మార్పు. చిటికెలో అయిపోయింది.

రిపోర్టు నకలు పంచాయతీకి వెళ్లింది. అక్కడి నుంచి అందులోని మాట కరకగుడ చేరింది. నిర్లక్ష్యం. కాగితం మీద కూడా అదే ఉందన్నారు ఊళ్లో.

సౌందర్య మళ్లీ వెళ్లింది. ఈసారి ఊరందరినీ కూర్చోబెట్టమని సుక్రును అడిగింది. నిలబడి చెప్పింది. తప్పు నాది, రాజకుమారక్కది కాదు. గుర్తు మార్చింది నేను. చెప్పకుండా మార్చాను. సుక్రు ఆ మాటలను వాళ్ల భాషలో మళ్లీ చెప్పాడు.

జనం మర్యాదగా విన్నారు. అచ్చియమ్మ అంతా అయ్యేదాకా ఆగింది.

"నువ్వు మంచి గుంటవే అమ్మా. దాని మీద జాలిపడి సెప్తన్నావు. ఆపీసోళ్లు తప్పు మాదని సెప్పడం నా బతుకులో నేను సూడనేదు."

ఎవరో నవ్వారు. సౌందర్య సుక్రు వైపు చూసింది. సుక్రు నేల చూశాడు.

తిరిగొచ్చేటప్పుడు రాజకుమారి గెడ్డ పైనున్న బండ దాకా వచ్చింది. సౌందర్య ఆమె చేతిలోని ఫోనుకు ఒక మెసేజ్ పంపి చూపించింది. చుక్కలు వచ్చాయి.

"ఇంకెప్పుడూ మార్చనక్కా. ఒట్టు."

"సరే మేడం," అంది రాజకుమారి. ఆమె చూపు ఫోన్ మీద లేదు.

*

ఆగస్టు రెండో శుక్రవారం చుక్కలొచ్చాయి.

రాజకుమారి బండ మీద నుంచి దూకినంత పని చేసింది. ఒడ్డుకొచ్చి వెదురుకు చీర కట్టింది. అవతల జీపు అప్పుడే ఆగింది. ఎండ ఫెళ్లున కాస్తోంది. నీళ్లు మోకాలి కిందే ఉన్నాయి.

జనం చీర చూశారు. ముందున్న మల్లేశు, ఆ ఊరివాడే, బుట్ట దించలేదు.

"ఆనాడు మొగుడొత్తే కట్టనేదు. ఈనాడు మనకి కట్టినాదంట."

"దిగకండి. సుక్కలొచ్చినాయి. నా మాట ఇనండి," అని ఆమె అరిచింది.

"సదువుకున్న మేడమొచ్చి తప్పు నాదంది కదా, ఆమెనే వొచ్చి కట్టమను," అంది వెనకనుంచి ఒక ఆడమనిషి. నవ్వులు వినబడ్డాయి. మల్లేశు నీళ్లలోకి దిగాడు. అతని వెనక ఒకరి తర్వాత ఒకరు దిగారు. రాజకుమారి తనూ నీళ్లలోకి వెళ్లి అడ్డంగా చేతులు చాపింది. ఆమెకు అటో ఇటో జరిగి నడిచారు. చివర్లో వచ్చిన ముసలామె మాత్రం ఆమె మోచెయ్యి ఆసరాగా పట్టుకుని దాటి, వదిలేసి, గట్టెక్కింది.

అందరూ క్షేమంగా ఇళ్లకు చేరారు. పొయ్యిలు రాజుకున్నాక నీళ్లొచ్చాయి. అప్పుడు ఒడ్డున రాజకుమారి ఒక్కతే ఉంది.

"సూసినావా," అని మల్లేశు ఆ సాయంత్రం ఊరంతా చెప్పాడు. "కట్టినా ఒకటే, కట్టకపోయినా ఒకటే."

అరకు ఆఫీసులో కరకగుడ పక్కన ఆకుపచ్చ గుర్తు ఉంది. దాటినవాళ్ల సంగతి అక్కడ ఎవరికీ తెలియలేదు. ఎవరూ చావలేదు కదా.

తర్వాతి శుక్రవారం రాజకుమారి ఒడ్డుకు వచ్చేసరికి చీర మడతపెట్టి రాయి కింద ఉంది. వెదురు లేదు. మల్లేశు దాన్ని పీక్కుపోయి తన పెరట్లో చిక్కుడు పాదుకు పాతుకున్నాడు.