రెక్క ముడతపడిన దొరసాని

మిత్సుగు అంగడి ముందు తెర కట్టబోయి నిచ్చెన మీంచి జారిపడ్డాడు. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయిన మర్నాడు భార్య సవాకో ఆస్పత్రికి వెళ్ళింది. మత్తు పూర్తిగా దిగని గొంతుతో ఆయన అడిగిన మొదటి మాట, “దానికి తిండి పెట్టావా?” అని.

అడిగింది గొల్లభామ గురించి. మిత్సుగు ఏటా వేసవి మొదట్లో పొలంగట్ల మీద దోమంత పిల్లను పట్టుకొచ్చి, మెట్లకింది గదిలో వల గూట్లో పెంచేవాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో సవాకో ఆ గదిలోకి తొంగిచూసిన పాపాన పోలేదు. పురుగంటే ఆవిడకు ఒళ్ళు జలదరింపు. ఇద్దరూ కలిసి ఉడోన్ అనే లావుపాటి గోధుమ సేమియా అమ్మే అంగడి నడిపేవారు. ఆయన పిండి తొక్కి సేమియా కోస్తే, ఆవిడ ఉడకబెట్టి గిన్నెల్లోకి తీసేది. వంటింటి రాజ్యం ఆవిడది, మెట్లకింది గది ఆయనది.

“తుంటి విరిగింది, అంగడి మూతపడింది. మీకు మాత్రం మీ దొరసాని బెంగే!”

“అది కదిలేదే తింటుంది. రోజు విడిచి రోజు పక్క డబ్బాలోంచి ఒక కీచురాయి వెయ్యి. పొద్దున్నే వలమీద నీళ్ళు చిలకరించు. ఆ చుక్కలే తాగుతుంది.”

“బతికున్న కీచురాయిని నేను పట్టుకోవాలా?”

“వేళ్ళతో ఎవరు పట్టుకోమన్నారే? వంటింటి పొడుగు పుల్లలున్నాయిగా. మరిగే నీళ్ళలోంచి ఉడోన్ తీసే చెయ్యి, దానికో కీచురాయి లెక్కా?”

ఆ పొగడ్తకి సవాకో పడిపోలేదు. కానీ ఇంటికి వచ్చాక ముక్కుకి తువ్వాలు చుట్టుకుని, మొహం పక్కకు తిప్పి, పుల్లలతో ఒక కీచురాయిని గూట్లో పడేసింది. తలుపు వేసి పరిగెత్తుకొచ్చింది. మూడో విడతకి మొహం తిప్పుకోవడం మానేసింది. గొల్లభామ తల మెల్లగా తిప్పి తనకేసి చూసేసరికి, “ఏమిటే ఆ చూపు? పెడతాలే,” అంది. తన గొంతు విని తనే ఉలిక్కిపడింది.

కొన్నాళ్ళకి అది తిండి మానేసింది. గూటి పైకప్పు పట్టుకుని తలకిందులుగా వేలాడుతూ ఉండిపోయింది. సవాకో పొద్దుటినుంచీ మూడుసార్లు వెళ్ళి చూసింది. చలనం లేదు. ప్రాణం ఉందో లేదో చూద్దామని పుల్లతో మెల్లగా పొడిచింది. అప్పుడే దాని వీపు చిట్లి, లోపల్నుంచి పచ్చటి మెత్తటి ఒళ్ళు బయటికి వస్తోంది. ఆ పొడుపుకి అది ఉలిక్కిపడి పక్కకు ఒరిగింది. పాత తొక్క ఒక రెక్కకు అడ్డంపడింది. సాయంత్రానికి ఒక రెక్క తిన్నగా ఆరింది, రెండోది నలిగిన కాగితంలా ముడతపడిపోయింది.

సవాకో వెంటనే ఫోన్ చేసింది. “ఏమండీ, దాన్ని పాడుచేశాను.” జరిగిందంతా చెప్పింది.

“కుబుసం విడిచేటప్పుడు ముట్టుకోకూడదని నేనే చెప్పాల్సింది,” అన్నాడు మిత్సుగు. “తింటోందా?”

“ఇంకా పెట్టలేదు.”

“ఒళ్ళు గట్టిపడేదాకా ఆగు. గుడ్లు పెట్టడానికి రెక్కతో పనేముందిలే.”

ఆ మాటకు సవాకోకి ఏడుపొచ్చింది. గొల్లభామ కోసం ఏడవడమేమిటని తనను తనే తిట్టుకుంది.

వేసవి వేడి తగ్గాక ఒక మధ్యాహ్నం, సోయాపాలు విరిచి టోఫు చేసే ఒకుదా ఒక ప్లాస్టిక్ డబ్బా చంకలో పెట్టుకుని వచ్చాడు. ఆయన మిత్సుగు చిన్ననాటి స్నేహితుడు. డబ్బాలో సన్నగా, గోధుమరంగులో ఒక మగ గొల్లభామ ఉంది.

“మిత్సుగు ఫోన్ చేశాడు చెల్లెమ్మా, సంబంధం కలుపుకుందామని. పిల్ల ఏదీ?”

సవాకో గూడు చూపించింది. ఒకుదా చూసి గుటక మింగాడు. “అమ్మో, మావాడికి రెండింతలుంది! కడుపునిండా పెట్టావా? ఆకలిమీదుంటే మొగుణ్ణే నమిలేస్తుంది.”

“పొద్దున్నే రెండు కీచురాళ్ళు మింగింది అన్నయ్యగారూ. రెక్క సంగతి ముందే చెబుతున్నా, తరవాత అనుకోవద్దు.”

“రెక్కదేముంది తల్లీ, మావాడి తల మిగిల్చి పంపించు, అదే నాకు కట్నం.”

మగదాన్ని గూట్లో దొరసాని వెనకవైపు, దూరంగా వదిలారు. అది ఒక అడుగు వేసి గాలికి ఊగే ఆకులా ఊగడం, మళ్ళీ ఆగడం. దొరసాని తల తిప్పితే రాయిలా బిగుసుకుపోవడం. ఒకుదా గుప్పిళ్ళు బిగించి కూర్చున్నాడు. చివరికి మగది ఎగిరి దొరసాని వీపుమీద వాలింది.

టీ తాగారు, మళ్ళీ కాచుకుని తాగారు. పొద్దు వాలుతుండగా మగది దిగబోయింది. దొరసాని మెడ వెనక్కి తిరిగింది, ముంగాళ్ళు లేచాయి. ఒకుదా “అయ్యయ్యో!” అంటూ కళ్ళు మూసుకున్నాడు. సవాకో చేతిలో పుల్లలు అప్పటికే సిద్ధంగా ఉన్నాయి. వాటి చివర కీచురాయి కాళ్ళు కొట్టుకుంటోంది. రెంటి మధ్యకీ పెట్టేసింది. ముంగాళ్ళు కీచురాయి మీద మూసుకున్నాయి. మగది తెరిచిన గూటి తలుపులోంచి ఎగిరి కిటికీ తెరమీద పడింది.

“కళ్ళు తెరవండి అన్నయ్యగారూ. మీవాడు సలక్షణంగా ఉన్నాడు.”

ఒకుదా తెరమీంచి దాన్ని అరచేతిలోకి తీసుకుని, “ఇక చాల్రా నాన్నా, ఇంటికి పోదాం,” అన్నాడు. మర్నాడు ఒక గిన్నెడు టోఫు పంపించాడు.

ఆకురాలే కాలంలో మిత్సుగు చేతికర్రతో ఇంటికొచ్చాడు. చెప్పులు విప్పుతూనే మెట్లకింది గదికి వెళ్ళి గూడు తెరిచి చెయ్యి పెట్టాడు. దొరసాని ముంగాళ్ళు విప్పి, ఉన్న ఒక్క మంచి రెక్కా లేపి బుసకొట్టింది. సవాకో చెయ్యి చాపితే మాత్రం మణికట్టు దాకా నడిచి వచ్చి కూర్చుంది.

“ద్రోహి! పిల్లప్పట్నుంచీ పెంచింది నేను!”

“అన్నం పెట్టింది ఎవరో దానికి తెలుసు. మీకూ తెలిస్తే బాగుండు.”

కొద్దిరోజుల్లో అది ఒక పుల్లకు ఆనుకుని, గిలకొట్టిన తెల్లసొనలాంటి నురగ పోసింది. నురగ ఆరి గోధుమరంగు గట్టి గుడ్ల తిత్తి అయింది. ఆ తరవాత దొరసాని పొట్ట లోపలికి పోయి, నడక తడబడింది. సవాకో పుల్ల చివర తేనెనీళ్ళు అందించేది. మొదటి మంచు పడిన పొద్దున అది గూటి అడుగున పక్కకు ఒరిగి ఉంది. ఇద్దరూ కలిసి పెరట్లో మట్టి తవ్వారు. దాన్ని అందులో పెట్టి పూడ్చారు.

“ఈ తిత్తిని వంటింట్లో పెడతాను, బయట చలి,” అంది సవాకో.

“చంపుతావా? వెచ్చగా ఉంటే నడిచలికాలంలోనే పొదుగుతాయి. అప్పుడు వాటికి పెట్టడానికి పురుగు ఎక్కడ దొరుకుతుంది? చలిలోనే ఉండనీ.”

శీతాకాలమంతా తిత్తి ఉత్తరం వసారాలో వల సంచిలో వేలాడింది. మంచు కురిసిన రోజుల్లో సవాకో దాని దగ్గర నిలబడి వెళ్ళేది.

వరినారు పోసే రోజుల్లో, ఆవిడ పులుసు కాస్తుండగా వసారాలోంచి మిత్సుగు కేక వేశాడు. వెళ్ళి చూస్తే తిత్తి కింద పసుపు దారాల్లా వందల పిల్లలు జారుతున్నాయి. గాలి తగిలి అప్పుడప్పుడే కాళ్ళు కదుపుతున్నాయి. చాలావాటిని ముల్లంగి మడిలో వదిలేశారు. ఒకుదా తన వంతు కోసం డబ్బాతో వచ్చాడు.

“మనకు ఒకటి చాలు,” అన్నాడు మిత్సుగు, ఎప్పటిలాగే.

సవాకో వంగి, కంటిముందు కదిలే ఆ దారపుపోగుల్ని చాలాసేపు చూసింది. “మీకొకటి, నాకొకటి,” అంది. “మీ గదిలో నా గూటికి కొంచెం చోటు చెయ్యండి.”