పద్నాలుగు హుక్కులు

మ్యాట్నీ మొదలై ఇరవై నిమిషాలు కాలేదు, రాణి వేషానికి నడుం దగ్గర కుట్టు తెగింది. బట్టల అక్క మోకాళ్ల మీద కూర్చుని, నోట్లో రెండు సూదులు పట్టుకుని కుడుతోంది. మేనేజరు వచ్చి, బహుమతి సంఘం వాళ్ల వకీలమ్మ వచ్చిందనీ, వెంటనే రావాలనీ చెప్పాడు. నోట్లో సూదులుండటంతో ఆమె ఒక్క నిమిషం ఆగమన్నట్టు వేలు చూపించింది.

ఆ నాటక కంపెనీలో ఆమెది ఇరవై రెండేళ్ల చాకిరీ. కుట్టడం, ఉతకడం, ఇస్త్రీ చెయ్యడం, తెర వెనక చీకట్లో నటులకు వేషం మార్చడం ఆమె పని. వారం కూలి ముందు వరస టికెట్లు నాలుగింటి ఖరీదు. దాంతో పాటు బట్టల గదిని ఆనుకుని ఒక గది ఇచ్చారు. అందులో మంచం మీద ఆమె భర్త ఉంటాడు. ఒకప్పుడు ఈ వేదిక మీదే నటుడు. పదకొండేళ్ల కిందట సెట్టు కూలి నడుం విరిగింది.

అప్పుడు కంపెనీ చేతులు దులుపుకుంటే ఆ గది ఇప్పించింది కంపెనీకి నాటకాలు రాసే గురువుగారే. ఊరికే ఇప్పించలేదు. ఆయన రాసిన రెండు నాటకాలూ అప్పటికే జనం మరిచిపోయారు, కొత్తది కలం దాటి రావడం లేదు. ఇస్త్రీ బల్ల మీద అక్క రాసుకున్న నాటకం ఆయన కంటపడింది. బట్టలుతికే మనిషి నాటకానికి టికెట్టెవడు కొంటాడమ్మా అని జాలిగానే అన్నాడు. అప్పటినుంచి ఆమె ఆయన పేరు మీద ఏడు నాటకాలు రాసింది. ఆయన తన దస్తూరీలో ఎత్తి రాసుకుని, ఆమె కాగితాలు ఇస్త్రీ పొయ్యిలో తానే వేసేవాడు. ఆయన పేరు మారుమోగిపోయి, ఈ ఏటి పెద్ద బహుమతి దాకా వచ్చింది.

మూడు వారాల నుంచి పేపర్లు వేరే పాట పాడుతున్నాయి. ఉత్తరం ముక్క సరిగా రాయలేని మనిషి ఈ నాటకాలెలా రాశాడని? చచ్చిపోయిన ఒక ఆచార్యుడు రాశాడని కొందరు, రిటైరైన జడ్జి రాశాడని కొందరు. టీ కొట్ల దగ్గర పందేలు నడుస్తున్నాయి. నిజం తేలేదాకా బహుమతి ఇవ్వమని సంఘం వకీలమ్మను పంపింది. బట్టల గది వైపు మాత్రం ఒక్కడూ తలతిప్పి చూడలేదు.

మేనేజరు గదిలో గురువుగారు రుమాలుతో మెడ తుడుచుకుంటున్నాడు. వకీలమ్మ ఫైలు తిరగేస్తుంటే మేనేజరు కాగితం ముందుకు తోసి, అక్కకు మాత్రమే వినపడేలా చెప్పాడు. సంతకం పెడితే గది బతికున్నంతకాలం ఆమెదే. పెట్టకపోతే సాయంత్రానికి ఖాళీ చెయ్యాలి. అందులో ఉన్నది పాత పనిమనిషిగా అక్క ఇస్తున్నట్టు రాసిన సాక్ష్యం. గురువుగారు రాస్తుండగా కళ్లారా చూశానని.

అక్క కలం తీసుకుంది. నిండా మునిగాక చలేమిటి అనుకుంది. ఇన్నేళ్లు మింగింది, ఇదొకటి. చివరి వాక్యం దగ్గర చెయ్యి ఆగింది. ఇవాళ ఆడుతున్న నాటకం మూడో అంకంలో మంచం మీది రోగి మాటలు గురువుగారు తన జబ్బులో తన బాధ నుంచి రాసుకున్నవట.

నన్ను మోసీ మోసీ ఈ మంచానికి కూడా కాళ్లు పడిపోయాయే అని భర్త ఏడ్చిన రోజు ఆమె పక్కనే ఉంది. ఆ మాట దగ్గరే జనం కొంగులు తడుపుకుంటారు.

ఆమె కలం బల్ల మీద పెట్టేసింది.

"ఆ మాటలు మా ఆయనవమ్మా. మిగతావన్నీ నావి."

వకీలమ్మ కళ్లజోడు సర్దుకుంది. రుజువేముందని అడిగింది.

"ఏ నాటకమైనా తియ్యండి, ఇవాళ్టిదే తియ్యండి. రాణి లోపలికెళ్లి బిచ్చగత్తెగా తిరిగొచ్చేలోపు వేదిక మీద ఎంత మాట నడుస్తుందో చూడండి. నేను పద్నాలుగు హుక్కులు విప్పి, పాత చీర చుట్టేంత. ఏడు నాటకాల్లోనూ వేషం మారే చోటల్లా అంతే. ఏ నటీ సగం హుక్కులతో పరిగెత్తింది లేదు. అదెలా కుదిరిందో గురువుగార్ని అడగండి. ఆయన ఒక్కనాడన్నా తెర వెనక్కి వచ్చారేమో."

గురువుగారు గొంతు సవరించుకున్నాడు. "అది లయ," అన్నాడు.

వకీలమ్మ ఆ మాట రాసుకుంది. తర్వాత అక్క వైపు చూసి, విసుగు లేకుండానే అడిగింది.

"జడ్జిగారి మనుషులు నీకేమిస్తామన్నారు?"

అక్కకు నవ్వొచ్చింది, ఆగలేదు. ఆ నవ్వుతో ఆమె సాక్ష్యం మొత్తం గాలికి పోయింది. అవతలి పక్షం పంపిన మనిషని వకీలమ్మ ఫైలు మూసేసింది.

గది చేరేసరికి భర్త గోడవతలి చప్పట్లు వింటున్నాడు. ఆమె జరిగింది చెప్పింది.

"పేరు రాదు, గదీ పోయింది. రెంటికీ చెడ్డ రేవడివయ్యావు," అన్నాడు. తర్వాత నెమ్మదిగా, "ఆ మాటలు నావని చెప్పావా?" అని అడిగాడు.

"చెప్పాను."

"నమ్మారా?"

"లేదు."

వెనక మెట్లు ఒక్క మనిషి పట్టేంత ఇరుకు. మంచం ఆ గదిలోకి వచ్చింది వేదిక మీదుగానే, పోవాలన్నా అదే దారి. ఆట అయ్యేదాకా ఆగమని మేనేజరు గుమ్మంలో అడ్డు నిలబడ్డాడు. అంతవరకు వేషాలు చూసుకోమన్నాడు. బతిమాలుతున్నట్టే అన్నాడు.

"నేను చెయ్యను. ఇప్పుడే పోతాం. పక్కకి జరగండి బాబూ."

"ఏ అంకం నడుస్తోందే?" అన్నాడు భర్త.

"మూడోది."

"అయితే నా ప్రవేశానికి టైమయింది."

ఆమె కాళ్లవైపు మంచం కోళ్లు రెండూ పట్టుకుని ఎత్తింది. తలవైపు ఎత్తేవాళ్లు లేరు. మేనేజరు గుమ్మం నుంచి తప్పుకోక తప్పలేదు. మంచాన్ని అలాగే ఈడ్చుకుంటూ పక్క తెరల దాకా వచ్చింది. చెక్కల మీద కోళ్లు గీసుకుంటున్న చప్పుడు ముందు వరసలకు వినిపించింది. వేదిక మీద రాజు మాట మధ్యలో ఆగిపోయాడు.

తెర లాగే ముసలాయన తాడు పట్టుకుని మేనేజరు వైపు చూశాడు. తెర వేసెయ్యమని మేనేజరు రెండు చేతులతో సైగ చేస్తున్నాడు. ముసలాయన తాడు వదిలి, వచ్చి తలవైపు వంగాడు.

మంచం వెలుగులోకి వచ్చింది.